హెల్మెట్ మీద బొట్టు

పోదనూరులో పాత క్వార్టర్స్ పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. అక్కడ కరెంటు, నీళ్ల లైన్లు పక్కకి మళ్లించే ఇంజినీరుని నేను; వీధివాళ్లకి మాత్రం 'అమ్మిణి'ని, అంటే అమ్మాయిని. వెనక వీధికి వెళ్లే నీళ్ల పైపు మా సైటు కిందే ఉంది. దానికి బదులు కొత్త లైను వేశాం. అందులో నీళ్లు చూస్తేగానీ పాతది కోయనివ్వమని వీధివాళ్లు పట్టుపట్టారు.

నీళ్లొచ్చే రోజు పొద్దున్నే ఆ వీధికి పెద్దదైన రంగమ్మవ్వ కొత్త కొళాయికి పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. వీధంతా బిందెలతో నిలబడింది. నేను వాల్వు తిప్పాను. బుస్సుమని గాలొచ్చింది, అంతే.

"ఏం అమ్మిణీ, గాలికా మేము పూజ చేసింది?" అంది అవ్వ. అందరూ ఒకటే నవ్వు. ఆ రోజు నీళ్లన్నీ కొత్త లైనుకే మళ్లించాం. ఈ పూట తప్పితే వాళ్లకి మళ్లీ వారం దాకా నీళ్లు రావు.

లైనులో గాలి ఇరుక్కుందని తట్టింది. స్పానరు పట్టుకుని వీధి చివరికి పరుగెత్తి, పైపు మూత విప్పాను. గాలీ బురదనీళ్లూ కలిసి నా మొహాన కొట్టాయి. వెనకనుంచి అరవమూ తెలుగూ కలిసి ఒకటే కేక: "తణ్ణి వందుడుచ్చు! నీళ్లొచ్చె అమ్మిణీ!"

రంగమ్మవ్వ మొదటి బిందె నీళ్లతో నా మొహం కడిగి, మిగిలిన కుంకుమ నా హెల్మెట్‌కి పెట్టింది. డిగ్రీ పుచ్చుకున్ననాడు కూడా నేనంత గర్వపడలేదు.

ఇప్పుడు వేరే సైటులో ఉన్నాను. కొత్త హెల్మెట్ ఇస్తామన్నారు. వద్దన్నాను.