తూము ఎత్తిన చలికాలం

మా ఊరి చెరువు నిండటం నా చిన్నతనంలో ఒకటి రెండుసార్లకు మించి చూసిన గుర్తు లేదు. డెబ్బైల చివర్లో మళ్ళీ నిండింది. అప్పటికి నేను పక్క ఊరి బడిలో టీచరుని. ఇంట్లో నాయన, అమ్మ, నేను. మాకు వానను నమ్ముకుని శెనక్కాయ వేసే మెట్ట పొలం బాగానే ఉండేది. చెరువు కింద మాత్రం చిన్న మడి. మేము ఏడాదంతా తినే వడ్లు దాంట్లో పండాల్సిందే. పండని ఏడు సంగటి.

నిండిన ఏడు చలి మొదలయ్యాక, పసుపు ముక్కు, ఎర్ర కాళ్ళు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు ఉన్న పెద్ద కొంగలు వచ్చి, చెరువు లోపలి తుమ్మచెట్ల మీద వాలాయి. చెట్ల మొదళ్ళు నీళ్ళలో ఉండేవి. వాటితో పాటు బాతులు, పేరు తెలియని చిన్న పిట్టలు కూడా చాలా వచ్చాయి. ఆ తర్వాతి ఏడు చెరువును పక్షుల రక్షిత స్థలమని ప్రకటించారు. కట్ట మొదట్లో ఒక బోర్డు పాతారు. అటవీశాఖ ఉద్యోగి ఒకాయన మా ఊరికి వచ్చి, ఇన్ని చెరువులకు తమకున్నది ఒక్క కాపలాదారేనని, చలికాలమంతా ఊరివాళ్ళే కొందరు కాపలా తిరిగితే బాగుంటుందని చెప్పాడు. జీతం ఉండదని కూడా చెప్పాడు. అది విన్నాక చాలామంది లేచి వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళం నలుగురం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒకాయన, ఆయన భార్య, ఊళ్ళో మిషను కుట్టే టైలరన్న, నేను. గార్డు గారిది కృష్ణా కాలవల కింద పల్లె. ఉద్యోగమంతా గుంతకల్లులో గడిచింది. కూతురికి అక్కడే పెళ్ళి చేశాక, భార్యది మా ఊరు కాబట్టి చివరికి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఆమె మా నాయనను అన్నా అని పిలిచేది. అందుకని నాకు ఆమె అత్త, ఆయన మామ. నాయన ఆయనను బావా అనేవాడు. వరసకే తప్ప ఇద్దరికీ పెద్దగా మాటలు ఉండేవి కావు.

నేను ఎందుకు చేరానంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. ఆదివారాలు ఇంట్లో కూర్చుంటే పెళ్ళి మాటలు వచ్చేవి. కట్ట మీద ఎవరూ ఆ మాట ఎత్తరు.

శనివారం బడి వదిలాక ఒకసారి, ఆదివారం తెల్లవారుతూనే ఒకసారి తిరిగేవాళ్ళం. మళ్ళకు నీళ్ళు వదిలే తూము దగ్గర మొదలుపెట్టి, నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోయే మరవ దాకా నడిచి, అక్కడి నుంచి చెరువు వెనక పక్క చుట్టుకుని వచ్చేవాళ్ళం. మిగతా రోజులు మామ తిరిగేవాడు, వెంట అత్త ఉండేది. పుష్య మాసంలో మా వైపు గాలి ఎముకల్లోకి దిగుతుంది. ముసలివాళ్ళు ఇద్దరూ కంబళ్ళు కప్పుకునేవాళ్ళు. అత్త ఒడిలో బొరుగులు, వేయించిన శెనక్కాయలు ఉండేవి. ఆమెకు పక్షుల మీద ఆసక్తి ఏమీ ఉండేది కాదు. ‘‘ఈయప్ప ఒక్కడే పోతే యాడన్నా జారి పడతాడని వస్తాండా మ్మా’’ అనేది. ఆయన ముందు నడుస్తూ, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు కొత్తగా వచ్చాయో చెబుతుంటే, ఆమె వెనక నుంచి నాకు ఊరి సంగతులు చెప్పేది.

మొదటి రెండు చలికాలాల్లో చెప్పుకోదగ్గది ఒకటే జరిగింది. ఒక ఆదివారం పొద్దున ధర్మవరం వైపు నుంచి జీపు ఒకటి వచ్చి కట్ట ఎక్కబోయింది. లోపల నలుగురు, వాళ్ళ మోకాళ్ళ మధ్య తుపాకులు. మామ ఎర్రజెండా పట్టుకుని జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ జెండా ఆయన ఉద్యోగం నాటిది. ఎప్పుడూ చంకలో పెట్టుకుని వచ్చేవాడు.

‘‘ఎవురప్పా నువ్వు?’’ అని డ్రైవరు పక్కనున్నతను అడిగాడు.

‘‘రైల్వే గార్డునండీ.’’

‘‘ఈడ రైలు యాడుండాది?’’

‘‘రైలు లేదండీ. ఎర్రజెండా ఉంది కదా, బండి ఆగాలి.’’

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. ముందున్నతనికి కోపం వచ్చినట్టే ఉంది గానీ, అందరూ నవ్వుతుంటే ఏం చేయాలో తోచలేదు. అంతలో టైలరన్న జీపులో ఒకరిని గుర్తుపట్టి, ‘‘ఏమన్నా, మీ ప్యాంట్లు నేనే గదా కుట్టింది, బాగుండాయా?’’ అని పలకరించాడు. ఇక వాళ్ళు జీపు తిప్పుకున్నారు. తర్వాత చాలా రోజులు అత్త ఆ సంగతిని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మామ మాత్రం, ఆ రోజు నిజంగా భయపడ్డానని నాతో అన్నాడు.

మూడో ఏడు వాన తప్పింది. మెట్టలో శెనక్కాయ, ఊడ నేలలోకి దిగి కాయ పట్టకుండానే ఎండిపోయింది. పశువులకు మేతగా శెనక్కాయ కట్టె మాత్రం మిగిలింది. చెరువులో పాత నీళ్ళు మూడో వంతు ఉన్నాయి. ఆ నీళ్ళను చూసుకుని చెరువు కింది రైతులు, నాయనతో సహా, వరి నాటారు. కొంగలు కూడా ఆ నీళ్ళనే చూసుకుని వచ్చాయి. సంక్రాంతి దాటేసరికి గూళ్ళలో గుడ్లు ఉన్నాయి. మళ్ళలో వరి, కంకి బయటపడబోతూ పొట్ట మీద ఉంది.

అప్పుడు తూము దగ్గర రైతులు సమావేశమయ్యారు. చెరువు నీళ్ళు వదిలేవాడిని మా వైపు నీరుగంటి అంటారు. అతను తూము ఎత్తడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మామ వచ్చి మాట్లాడతానన్నాడు. నేను ఆయన వెంట వెళ్ళాను. వెళ్ళాక, రైతుల పక్క నిలబడాలో ఆయన పక్క నిలబడాలో తెలియక తూము రాయి మీద కూర్చున్నాను.

‘‘ఇప్పుడు నీళ్ళు తీస్తే చెట్ల మొదళ్ళు బయటపడతాయి’’ అన్నాడు మామ. ‘‘కుక్కలు వస్తాయి, నక్కలు వస్తాయి. పక్షులు గూళ్ళు వదిలేసి వెళ్ళిపోతాయి. ఆ అటవీశాఖ ఆఫీసరు గారు చెప్పారు కదా. కొన్నాళ్ళు ఆగండి. పిల్లలు ఎగిరాక తీసుకుందురు గాని.’’

‘‘కొన్నాళ్ళు ఆగితే వరి ఆగుతాదా?’’ అన్నాడు నాయన. ‘‘ఇప్పుడు తడి అందకపోతే అంతా తాలే.’’

‘‘ఒక్క పంట పోతే మళ్ళీ వేసుకోవచ్చు కదా.’’

అది కాలవల నీళ్ళు తాగి పెరిగినవాడి మాట. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నాయన గొంతు పెంచలేదు గానీ పిలుపు మారిపోయింది.

‘‘సార్, మీ పక్క కాలవలు పారతాయంట. ఈడ మళ్ళా ఎప్పుడేస్తామో దేవునికే తెల్దు. ఆ కొంగలకు రెక్కలుండాయి, ఇంకో చెరువు చూసుకుంటాయి. నా వరికి యాడుండాయి రెక్కలు?’’

‘‘గుడ్లకి కూడా లేవండీ’’ అన్నాడు మామ.

నాయన నా వైపు తిరిగి, ‘‘నువ్వేమంటావు మ్మా, నువ్వు గూడా కాపలా కాస్తాండావు కదా’’ అన్నాడు. అందరూ నన్నే చూశారు. మామ కూడా చూశాడు. ‘‘తూము ఎత్తల్ల నాయనా’’ అన్నాను. ఇంట్లో అమ్మ బియ్యం డబ్బా అడుగు గీకుతున్న సంగతి నాకు తెలుసు. మామకు తెలియదు. ఆయన తల ఊపి, జెండా చంకలో సర్దుకుని, కట్ట మీదుగా ఒక్కడే వెళ్ళిపోయాడు. నీరుగంటి తూము ఎత్తాడు. కాలవలో మొదట బురద, వెనక నీళ్ళు వచ్చాయి.

మర్నాడు టైలరన్న వచ్చి, ఇక కాపలాకు రానని చెప్పాడు. ‘‘రైతులే గదా మ్మా నా దగ్గర గుడ్డలు కుట్టించుకునేది. వాళ్ళకు కోపమొస్తే నాకెట్లా?’’ అన్నాడు. అతని తప్పేమీ కనిపించలేదు నాకు.

వారం తిరగకుండా చెట్ల కింద నీళ్ళు పోయి మెత్తటి బురద మిగిలింది. చెరువు నడుమ గుంటలో మాత్రం నీళ్ళు నిలిచాయి. మామ కర్ర పట్టుకుని పొద్దున నుంచి మసకపడే దాకా చెట్ల దగ్గరే ఉండటం మొదలుపెట్టాడు. నాలుగైదు రోజులు అలా చలిలో, తేమలో కూర్చుని జ్వరం తెచ్చుకున్నాడు. ఆదివారం నేను చెరువుకు పోయేసరికి ఆ కర్ర పట్టుకుని అత్త కూర్చుని ఉంది.

‘‘నువ్వెందుకు వచ్చినావత్తా?’’

‘‘నేను రాకపోతే ఆ మనిషి మంచం దిగి వచ్చేట్లుండాడు. పంపిస్తానా?’’ అంది. ‘‘రా, ఆ నల్లకుక్క మళ్ళా వస్తాంది, అదిలించు.’’

ఆ నెలంతా బడి వదలగానే నేను అటే పోయేదాన్ని. కుక్కలను తరమడం, మేకలు తోలుకొచ్చినవాళ్ళను పక్కకు పొమ్మనడం, తుమ్మకంప కొట్టుకోవడానికి వచ్చినవాళ్ళతో పోట్లాడటం. పోట్లాటంతా అత్తదే. ఊరి ఆడపడుచు కాబట్టి ఎవరినైనా తిట్టే హక్కు ఆమెకు ఉండేది. ఏమీ లేనప్పుడు తల ఎత్తి గూళ్ళను చూస్తూ కూర్చునేది. కొన్ని గూళ్ళు తొలి వారంలోనే ఖాళీ అయ్యాయి. కాకులు గుడ్లు తిన్నాయి. మిగిలిన గూళ్ళలో పిల్లలు వచ్చాయి. ఎండ పెరిగాక తల్లికొంగలు రెక్కలు చాచి పిల్లల మీద నీడ పట్టేవి. మొదటిసారి అది చూసిన రోజు అత్త, నల్లకుక్క చెట్ల కిందికి వచ్చినా చూడకుండా, ఆ గూటి వైపే తల ఎత్తి నిలబడింది. కుక్కను నేనే తరిమాను. ఆమెకు పుట్టి పోయిన బిడ్డ ఒకడు ఉన్నాడని అమ్మ ఎప్పుడో చెప్పింది.

ఒకరోజు గూట్లోంచి పిల్ల ఒకటి బురదలో పడింది. గంపలో వేసుకుని ఆమె ఇంటికి తీసుకుపోయింది. గుంటలో చేపలు పట్టేవాళ్ళను అడిగి చిన్న చేపలు తెచ్చాం. తొలిరోజు తిన్నది. తర్వాత తినలేదు. చచ్చిపోయాక మామ దాన్ని పెరట్లో పాతిపెట్టాడు. జ్వరం తగ్గినా ఇంకా నీరసంగానే ఉన్నాడు. గుంత తవ్వుతూ మధ్యలో ఆగి, ‘‘మీ వరి ఎలా ఉందమ్మా?’’ అని నన్ను అడిగాడు. ఈనిందని చెప్పాను. ‘‘మంచిది’’ అన్నాడు.

వరి కోతకు వచ్చింది. కంకి చివరలు తాలు పోయాయి గానీ వడ్లు తిండికి సరిపోయాయి. అదే రోజుల్లో కొంగ పిల్లలు ఎగరడం మొదలుపెట్టాయి. కళ్ళంలో నాయన వడ్లు తూర్పారబడుతుంటే నేను చెరువు నుంచి వచ్చాను.

‘‘పోయినాయా?’’ అన్నాడు చేట దించకుండానే.

‘‘పోయినాయి నాయనా.’’

‘‘అన్నీనా?’’

‘‘మిగిలినవన్నీ.’’

సాయంత్రం నాయన అమ్మ చేత కొత్త వడ్లు కొన్ని దంచించి, ఆ బియ్యం మూటగట్టి అత్త ఇంటికి ఇచ్చి రమ్మన్నాడు. మామ ఇంట్లోనే ఉన్నాడు. మూట తీసుకుంటాడో లేదోనని భయపడ్డాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, విప్పి, కొన్ని గింజలు అరచేతిలో వేసుకుని చూసి, లోపలికి పోయి అత్తకు ఇచ్చాడు.

వానాకాలానికి ముందు రైతులు మళ్ళీ తూము దగ్గర సమావేశమయ్యారు. ఈసారి నాయనే మామను పిలిపించాడు. ‘‘రా బావా, నువ్వు గూడా కూచో’’ అన్నాడు. చాలాసేపు మాటలు జరిగాయి, మధ్యలో ఒకరిద్దరు లేచిపోయి మళ్ళీ వచ్చారు. చివరికి తేలిందేమంటే, చెరువు లోపల ఒక రాయి పాతాలి. చెట్లలో గూళ్ళున్న కాలంలో నీళ్ళు ఆ రాయి కిందికి దిగితే తూము ఎత్తకూడదు. రాయి ఎక్కడ పాతాలన్నదాని మీద నాయన, మామ ఇద్దరూ బురదలోకి దిగి పోట్లాడుకున్నారు. మామ చెప్పిన చోటుకు, నాయన చెప్పిన చోటుకు నడుమ పాతారు.

ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ఆ రాయి దాకా నీళ్ళే రాలేదు. కొంగలూ రాలేదు. చలికాలం మొదట్లో మేము అలవాటు కొద్దీ కట్ట మీదికి పోయి, ఎండిన చెరువును చూసి తిరిగి వచ్చేవాళ్ళం. తర్వాత అదీ మానేశాం. మామ, అత్త గుంతకల్లులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. మామ పోయిన కబురు అక్కడి నుంచే వచ్చింది. నాకు పెళ్ళయింది, కళ్యాణదుర్గానికి బదిలీ అయింది.

ఎనభైల నడుమ ఒక ఏడు చెరువుకు నీళ్ళు వచ్చాయని ఉత్తరం వచ్చింది. చలికాలం చివర్లో సెలవు పెట్టి ఊరికి పోయాను. తుమ్మచెట్ల మీద కొంగలు ఉన్నాయి. పాతిన రాయి అడుగు దగ్గర నీళ్ళు నిలిచి ఉన్నాయి. కట్ట కింద మళ్ళలో వరి సగం పచ్చగా, సగం తెల్లగా ఉంది.

‘‘తూము ఎత్తలేదా నాయనా?’’ అని అడిగాను.

‘‘నీరుగంటి వచ్చి అడిగినాడు. వద్దన్నా.’’

‘‘మన మడి?’’

‘‘సగం పోయింది’’ అన్నాడు. ‘‘ఏం చేస్తాం మ్మా, మాట ఇచ్చినాం కదా. ఆయప్ప లేడని తప్పుతామా?’’

అమ్మ సంగటి పెట్టింది. తింటూ నాయన, కళ్యాణదుర్గం వైపు శెనక్కాయ ఎట్లుండాదో, అక్కడ వానలు పడ్డాయో లేదో అడిగాడు. పడలేదని చెప్పాను.