ఆఖరి బంతిలో బావ చెరువు

పోయినవి ఇవి: పద్నాలుగు బ్యాటరీలు, బావ చెరువులో రొయ్యలన్నీ, ఆ పొద్దున బావ నా మీదికి విసిరితే గురి తప్పి కాలవలో పడిన ఆయన ఫోను, అక్క నాతో మాట్లాడే మాటల్లో మూడొంతులు. ఈ నాలుగోది లాభమో నష్టమో ఇంకా తేలలేదు.

బెజవాడలో నాది బోల్టుల కొట్టు. సెన్సర్ల పని వీడియోలు చూసి నేర్చుకున్నాను. పామర్రు దగ్గర, అక్కావాళ్ళ చెరువుతో మొదలై కాలవ గట్టు వెంబడి వరసగా ఆరు రొయ్యల చెరువులున్నాయి. ఒక్కోదాంట్లో నీటి ఆక్సిజన్ కొలిచే పెట్టె దించాను. దూరం పెట్టె తన లెక్క పక్కదానికి చెబుతుంది, అది ఆ పక్కదానికి. చివరికి అన్నీ బావ పెట్టె గుండానే షెడ్డులోని రిసీవరుకి చేరాలి. ఆక్సిజన్ తగ్గితే బావ ఫోను మోగుతుంది, ఆయన లేచి నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేస్తాడు.

పెట్టెలన్నీ రాత్రింబవళ్ళు మేలుకుని ఒకదాని మాట ఒకటి వింటూ బ్యాటరీలు తాగేశాయి. అందుకని వంతులు పెట్టాను: నీ వంతుకి లే, చెప్పు, పడుకో.

"ముందు వంతు ఎవరిదిరా?" అన్నాడు బావ.

"ఎవరిదైతే ఏంటి బావా?"

"ఏంటంటావేంటి? కాలవ నీళ్ళకి మొదటి తూము మనది. దీనికీ మనమే ముందు."

సరేనన్నాను. అక్క మొగుడు, పైగా నా కంచంలో ఆయనింటి చేపల పులుసుంది.

నీళ్ళు పైనుంచి కిందికి పోతాయి. ఈ కబురు కిందినుంచి పైకి రావాలి. బావ పెట్టె తన మాట ముందే చెప్పేసి, మిగతావాళ్ళ మాటలు మోయడానికి మళ్ళీ మళ్ళీ లేచేది. అన్నిటికన్నా ముందు అదే చచ్చింది. పెట్టె నోరు మూస్తే చెరువు బాగుందనుకునే ఫోను, ఆ రాత్రి ఆక్సిజన్ పడిపోయినా మోగలేదు. మిగతా రైతులు నన్ను నమ్మక, తెల్లవారకముందే టార్చిలేసుకుని గట్ల మీద తిరుగుతూనే ఉన్నారు. నమ్మి పడుకున్నది బావ ఒక్కడే.

తర్వాతి పంటకి వరస తిరగేశాను. దూరం చెరువు ముందు, బావది చివర. అందరి లెక్కలూ కలిపి ఒక్కసారే పంపి పడుకుంటుంది.

"ముంచిందీ నువ్వే, ఇప్పుడు తోకన నిలబెట్టేదీ నువ్వేనా?"

"పెళ్ళిలో ఇంటాయన ఏ బంతిలో తింటాడు బావా?"

"ఆఖరి బంతికి పప్పు కూడా మిగలదురా!" అన్నాడు గానీ అడ్డు చెప్పలేదు.

ఆ పంటంతా ఒక్క బ్యాటరీ మార్చలేదు. పోయిన రొయ్యల్ని మాత్రం బావ వదల్లేదు. "డబ్బొద్దు, రొయ్యలే తే" అన్నాడు. ఆయన లెక్కన పదిహేను వందల కిలోలు. వేసిన మేతని బట్టి నేను తొమ్మిది వందలకి దించాను. అక్క దూరి పన్నెండు వందలకి ఖాయం చేసింది. వెళ్ళినప్పుడల్లా మార్కెట్లో కిలో కొని పట్టుకెళ్తున్నాను. అందులో సగం అక్క నాకే వండి పెడుతుంది. ఆ సగం చెల్లదంటాడు బావ. చెల్లుతుందన్న నా లెక్కన ఇవాళ్టికి బాకీ పదకొండు వందల డెబ్బై ఏడు కిలోలు.