మార్చురీ ముందు ఇడ్లీ

ఇది జరిగి నాలుగేళ్ళయింది. చోడవరంలో ఆసుపత్రి వెనక, మార్చురీ మెట్టు మీద కూర్చుని ఉన్నాను. లోపల మా ఆయన. తెల్లవారుజామున రావికమతం నుంచి బండి మీద వస్తూ ఆగి ఉన్న చెరుకు ట్రాక్టరును గుద్దేశాడు. పోస్టుమార్టం ఇంకా మొదలవలేదు. మరిది పోలీసు కాగితాల వెనక తిరుగుతున్నాడు.

శవం లేచేదాకా మా ఇళ్ళలో పొయ్యి వెలిగించరు. నేనైతే దహనం అయ్యేదాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదనుకున్నాను. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన్ని ఎన్ని మాటలన్నానో నాకు తెలుసు. ఈ ఒక్క పూటైనా మంచి పెళ్ళాంగా ఉందామనుకున్నాను. పది దాటేసరికి నా కడుపు సిగ్గులేకుండా చప్పుడు చేసింది.

పక్కన కూర్చున్న ముసలావిడ అది విని లేచి వెళ్ళింది. రోడ్డు మీది టిఫిన్ బండి నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరమ్మా నువ్వు? లోపల నా మొగుడున్నాడు. నాకు తిండేటి?"

"నా కొడుకూ లోపలే ఉన్నాడు తల్లీ. పురుగుల మందు తాగేసేడు."

కోపం ఎటు పోయిందో తెలియలేదు. "నువ్వు తిన్నావేటి మామ్మా?" అన్నాను.

"తినేసేను. నా మొగుడు పోయినప్పుడు మూడ్రోజులు తిన్లేదు. సచ్చిపోతాననుకున్నాను. సచ్చిపోలేదు. అదే మన కర్మ. ఆకలి రేపూ ఏస్తాది, ఎల్లుండీ ఏస్తాది. ఈ బాధా అంతే. తగ్గిపోద్దని నీకెవులు సెప్పినా నమ్మకు."

పొద్దుటి నుంచి అందరూ దేవుడున్నాడన్నారు, ధైర్యం తెచ్చుకోమన్నారు. నిజం చెప్పింది ఈవిడొక్కతే. అది వినకుండా ఉంటే బాగుండేది.

తిన్నాను. నాలుగూ తిన్నాను. అల్లం చట్నీ ఘాటుగా, బాగుంది. బాగుందని తెలిసినందుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కాగితానికి అంటుకున్న చట్నీ కూడా వేలితో తుడుచుకు తిన్నాను.

ముందు ఆవిడ కొడుకుని ఇచ్చారు. ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఏ ఊరో అడగలేదు.

మా ఆయన్ని ఇంటికి తెచ్చేసరికి మూడయింది. అత్తగారు నన్ను వాటేసుకుని, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా ఏడ్చింది.

"నా కోడలు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదమ్మా!"

అందరూ నా వైపు జాలిగా చూశారు. నేను వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అప్పటికే నాకు మళ్ళీ ఆకలి వేస్తోంది.