చక్రపాణి వర్ణన

చక్రపాణికి బీరు తాగడం కన్నా వర్ణించడం ఇష్టం. గ్లాసు చేతికొస్తే ముందు లైటుకేసి ఎత్తి చూస్తాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. పక్కవాడి గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఇతను కళ్ళు తెరుస్తాడు. అప్పుడు మొదలు.

"మొదట వేయించిన ధనియాలు. ఆ వెనకే కమలాపండు తొక్క. మింగాక చూడు రాధాకృష్ణా, వానకి తడిసిన గోనెసంచి!"

"గోనెసంచి నువ్వెప్పుడు తిన్నావురా?" అని నేనంటే కోపం.

బీరుతో ఆగినా బాగుండేది. 2011 నాటికి చికాగో పక్క షామ్‌బర్గ్ తెలుగువాళ్ళలో అతన్ని భోజనానికి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి మా ఇంట్లో పప్పుచారు నోట్లో పోసుకుని, పావుగంట ధ్యానం చేసి, "ఇంగువ ముందొచ్చి కూర్చుంది, చింతపండు లేటుగా వచ్చింది" అన్నాడు.

మా ఆవిడ పద్మజ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నయ్యగారూ, బాగుందా లేదా? ఒక్క ముక్క చెప్పండి."

"బాగుండడం రుచి కాదమ్మా!"

చక్రపాణి తన గరాజ్‌లోనే బీరు తయారుచేసేవాడు. మొదటిసారి చేసింది కాస్తా పులిసి వెనిగర్ అయితే, ఆ సీసా పట్టుకుని ఊరి చివర వాల్టర్ అనే పెద్దాయన బ్రూవరీకి వెళ్ళాడట. నాలుగు ట్యాంకులు, ఎనిమిది స్టూళ్ళు, అంతే బ్రూవరీ. వాల్టర్ మొహం చిట్లించకుండా గ్లాసంతా తాగి, "గొట్టాలు సరిగ్గా కడగలేదు నువ్వు" అని, చొక్కా చేతులు పైకి మడిచి, కడగడం దగ్గర్నుంచీ నేర్పాడు. ఆనాటి నుంచి మావాడికి ప్రపంచంలో ఇంకో బ్రూవరీ లేదు. ప్రతి శనివారం అక్కడే. ఈమధ్యయితే కౌంటర్ మీదికి వంగి వాల్టర్ బీరు గురించి వాల్టర్‌కే లెక్చరు! ఆయన బుద్ధిగా నోట్సు రాసుకునేవాడు. చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

ఆ అక్టోబరులో చక్రపాణి వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ బయల్దేరాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి నాకు ఫోన్.

"ఈ శనివారం నువ్వెళ్ళి వాల్టర్ కొత్త బీరు టేస్ట్ చేసి చెప్పాలి."

"ఆయన బీరు ఆయన చూసుకోలేడా?"

"లేడు. పోయిన చలికాలం మంచుమీద జారిపడ్డాడుగా. తలకి దెబ్బ తగిలి ముక్కుకి వాసన పోయింది. వాసన లేకపోతే రుచేం తెలుస్తుంది? ఎవరికీ చెప్పుకోలేక బ్రూవరీ మూసేస్తానన్నాడు. నేను చెప్తాను, నువ్వు చెయ్యి అన్నాను."

"మరి మా పప్పుచారేం పాపం చేసింది?"

"మాటలు దొరకట్లేదురా! అందుకే మీ ఇళ్ళల్లో ప్రాక్టీస్ చేస్తున్నా."

శనివారం వెళ్ళాను. వాల్టర్ తలుపు వేసి, ట్యాంకులోంచి ఒక గ్లాసు పట్టి నాముందు పెట్టి, పెన్సిల్ తీశాడు. "వచ్చే శనివారం బ్రూవరీకి పదో పుట్టినరోజు. అందరికీ పోసేది ఇదే. చెప్పు."

తాగాను. "బాగుంది."

పెన్సిల్ కదల్లేదు. రిపోర్టు కోసం డాక్టర్ మొహంలోకి చూసే పేషెంట్‌లా నన్నే చూస్తున్నాడు. మళ్ళీ తాగి, కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికో చెప్పాను.

"సినిమా హాలు."

"హాలా?"

"అంటే... పాప్‌కార్న్. కాదు, దానిమీద పోసే వెన్న!"

వాల్టర్ కౌంటర్ మీద దబీమని గుద్దాడు. "వెన్నా! అయితే పులియడం ఇంకా పూర్తి కాలేదు. ఇంకో మూడురోజులు వెచ్చగా ఉంచాలి. ఇవాళే చల్లబరిచేవాణ్ణి. ఊరందరి చేతా వెన్న తాగించేవాణ్ణి!" అని నన్ను ఊపిరాడకుండా కౌగిలించుకున్నాడు.

మంగళవారం ఆఫీస్ నుంచి నేరుగా వెళ్ళి మళ్ళీ రుచి చూశాను. వెన్న పోయింది. కాల్చిన రొట్టె, చివర్లో కాస్త తేనె. ఆ రెండూ చెప్పేసరికి నాకే గర్వమనిపించింది.

పుట్టినరోజు నాటికి చక్రపాణి తిరిగొచ్చేశాడు. బ్రూవరీలో నిలబడ్డానికి చోటు లేదు. గ్లాసులన్నీ నిండాక వాల్టర్ స్టూలెక్కి, మా ఇద్దర్నీ చెరోపక్కా నిలబెట్టాడు.

"పోయిన చలికాలం నుంచీ నాకు వాసన తెలీదు. మీరు తాగుతున్నదంతా వీళ్ళ నాలుక చలవే. బాగోకపోతే వీళ్ళని తిట్టండి."

అందరూ చేతిలో గ్లాసుల్లోకి తొంగి చూశారు. చక్రపాణి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

వెనకనించి ఒక ముసలాయన ఖాళీ గ్లాసు ఎత్తాడు. "తిట్లు తర్వాత చూద్దాం వాల్టర్. ముందు ఇంకోటి పొయ్యి!"