చిన్నాయన నేర్పిన గేర్లు

మా చిన్నతనంలో, మిర్యాలగూడలో మా వీధి మొత్తానికి గేర్ల సైకిల్ ఒక్కటే... అది నాది.

మా చిన్నాయన రైస్ మిల్లు లారీ నడిపేవాడు. నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది, కోదాడలో లోడు దించి వస్తూ అక్కడెవరో వాడి వదిలేసిన సైకిల్ని కొని, ఖాళీ గోనె సంచుల మీద పడుకోబెట్టి తెచ్చాడు. వెనక ఆరు పళ్లచక్రాలు, హ్యాండిల్ మీద ఒక చిన్న లీవర్. మర్నాడు పొద్దున్నే మిల్లు ముందు వడ్లు ఆరబోసే గచ్చు మీదికి తీసుకెళ్లి నేర్పించాడు.

"దీనికి క్లచ్ లేదు బిడ్డా. నీ కాళ్లే క్లచ్ అనుకో. కాళ్లు ఆపు, గేరు మార్చు, ఇగ గట్టిగ తొక్కు."

పదిహేనేళ్లుగా లారీ తోలుతున్న మనిషి చెప్పాక అనుమానం ఎందుకొస్తుంది... ప్రతిదానికీ అనుమానపడే నాకే రాలేదు.

మా బడి సాగర్ కాలువకు అవతల ఉండేది. వంతెన ఎక్కే చోట రోడ్డు బాగా ఎత్తు. మగపిల్లలు కూడా అక్కడ దిగి తోసుకుంటూ పోయేవారు. నేను మాత్రం చైనుని పెద్ద చక్రం మీదికి వేసుకుని, సీటు దిగకుండా ఎక్కేసేదాన్ని. క్లాసులో ఎవరి కంటా పడని బక్కపిల్లని నేను... ఆ ఎత్తు మీద మాత్రం అందరూ నన్ను చూసేవారు.

రెండు నెలలు తిరక్కముందే గేర్లు మొరాయించాయి. లీవర్ తోస్తే కరకరమని చప్పుడు. చైను రెండు చక్రాల మధ్య తటపటాయించి, సరిగ్గా ఎత్తు మీద ఉన్నప్పుడే జారేది. ఒకరోజు పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, తెల్ల చొక్కా నిండా గ్రీజు.

నాయిన తేల్చి చెప్పేశాడు. "ఆ గేర్లు గీర్లు మనకెందుకు. సైదులుకు చెప్పిన. ఆదివారం పీకేస్తడు."

సైదులు మామది మా వీధి చివర సైకిల్ షాపు. ఆ రోజుల్లో గేర్ల సైకిల్ చెడిపోతే మా ఊళ్లో మందు అదే... గేర్లు తీసేసి, చైను కత్తిరించి, ఒకే చక్రానికి బిగించేసేవారు. సైకిల్ బాగైనట్టే. వంతెన దగ్గర నేను కూడా దిగి తోసుకోవాల్సిందే.

ఆదివారం చిన్నాయన కూడా తోడొచ్చాడు. మామ సైకిల్ సీటుకు తాడు కట్టి దూలానికి వేలాడదీశాడు. చైను విప్పే పనిముట్టు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్కసారి చూడు మామా. కాకపోతే పీకెయ్," అన్నాను.

"నాకు దీని సంగతేం తెల్వది బిడ్డా," అంటూనే కూర్చున్నాడు. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ, ఇంకో చేత్తో లీవర్ తోసి చాలాసేపు చూశాడు. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కబోయి ఎక్కలేకపోతోంది.

"వైరు సాగింది."

వెనక, లీవర్ నుంచి వచ్చే వైరు గేరులోకి దూరేచోట, వేళ్లతో తిప్పే చిన్న మర ఒకటి ఉంది. దాన్ని అరచుట్టు తిప్పడం, పెడల్ తిప్పి చూడడం... మళ్లీ అరచుట్టు. పక్కన రెండు చిన్న స్క్రూలు కనిపిస్తే నేను చెయ్యి పెట్టబోయాను.

"అవి ముట్టకు. గవి పొలం గట్ల లెక్క. చైను ఇటు పడకుండ, అటు పడకుండ ఆపుతయ్."

చివరికి చైను ఒక్కో చక్రం ఎక్కి దిగింది. తొక్కి చూడమన్నాడు. చిన్నాయన చెప్పినట్టే కాళ్లు ఆపాను, లీవర్ తోశాను, గట్టిగా తొక్కాను. కర్... షాపు దాకా వినిపించింది.

"ఇగ నాతోని కాదు. పీకేస్త," అన్నాడు మామ.

"ఇంకొక్కసారి" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాను. మలుపు తిరిగాక తట్టింది. తాడుకు వేలాడుతున్నప్పుడు బాగానే మారింది కదా... అప్పుడు మామ చెయ్యి పెడల్ని తిప్పుతూనే ఉంది. నేనేమో ఆపుతున్నాను. ఈసారి కాళ్లు ఆపకుండా, మెల్లగా తొక్కుతూ లీవర్ తోశాను. చప్పుడే లేదు. ఆరు గేర్లూ మార్చి చూసుకుని వెనక్కి వచ్చాను.

"నాదే తప్పు మామా. కాళ్లు ఆపి మారుస్తున్న."

"గట్ల ఎవరు చెప్పిండ్రు నీకు? లారీ అనుకున్నవా?"

షాపు దగ్గర చాయ్ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. నా వంక చూశాడు.

"ఎవరూ చెప్పలే," అన్నాను.

గేర్లు దక్కాయి. ఇంటికి నడుస్తున్నంతసేపూ చిన్నాయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. నేను ఆయన పరువు కాపాడానా, లేక అందరిముందు అబద్ధం చెప్పి ఆయన్ని ఇంకా చిన్నబుచ్చానా... ఇప్పటికీ తేల్చుకోలేను. మిల్లు దగ్గరికి రాగానే ఆగి, హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎట్ల మార్చాల్నో జర నాకు నేర్పు బిడ్డా."

మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటే తొక్కాడు. నేను వెనక పరిగెడుతూ "కాళ్లు ఆపకు చిన్నాయనా, కాళ్లు ఆపకు" అని అరుస్తున్నాను. పాపం, లీవర్ మీద చెయ్యి పడగానే ఆయన కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. నాలుగోసారికి గాని రాలేదు.

ఇప్పుడు మేం సూర్యాపేటలో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి సైకిల్ గేర్లు ఇలాగే గోల చేశాయి. నేను చెప్పబోతే, "వీడియోల అంతా ఉంది మమ్మీ, నువ్వు జర సైకిల్ పట్టుకో చాలు" అంది. పట్టుకున్నాను. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో అంతా సరిగ్గా చెప్పారు అందులో. పది నిమిషాల్లో అయిపోయింది.

మంచిదే... తప్పు నేర్చుకుని పడిపోవాల్సిన పని లేదు. కానీ తనకు రానిది కూడా అంత ప్రేమగా నేర్పి, తర్వాత దాన్నే పిల్లల దగ్గర నేర్చుకునే మనిషి ఇప్పటి పిల్లలకు ఎక్కడ దొరుకుతాడో నాకు తెలియడం లేదు.

మీకూ ఎవరో ఒకరు, మనసారా, ఏదో ఒకటి తప్పుగా నేర్పే ఉంటారు... వాళ్ల గురించి రెండు మాటలు రాయండి. చదువుకుంటాను.