ఎడమచేతి పాట

తిరుత్తణిలో రైలెక్కి కూర్చున్నప్పుడు కీబోర్డు పెట్టె నా ఒళ్ళో ఉంది. తిరువళ్ళూరులో టీచరుకు తిరిగిచ్చేసి, ఇంక ఈ చదువు మానేద్దామనుకున్నాను. మూడువందల ఏళ్ళ కిందటి జర్మన్ స్వరకర్త పాట ఒకటి ఏడు నెలలుగా నన్ను ఏడిపిస్తా ఉండింది. కుడిచెయ్యి ఒక పాట, ఎడమచెయ్యి ఇంకో పాట వాయించాల.

పెట్టె మీద వేళ్ళు ఆడిస్తుంటే పక్కనున్న పెద్దాయన "ఏం పాటమ్మా?" అన్నాడు. ఫోనులో వినిపించి, రెండు చేతులూ కలవడం లేదని చెప్పినాను.

"మా కోడలి ఫోను మోగేది ఇదే గదా!" అని నవ్వినాడు.

వింటా వింటా సీటు కింద ఆయన కాళ్ళు మార్చి మార్చి తొక్కసాగినాయి. ఆర్.కె.పేటలో నలభై ఏళ్ళు మగ్గం నేసినాడంట.

"నాకూ కాళ్ళూ చేతులూ కలిసేవి కావమ్మా. మా నాయన నా చేతిలోంచి పోగు విసిరే నాడె లాక్కొని, నెల రోజులు ఉత్త కాళ్ళతోనే తొక్కించినాడు. నువ్వు ఎడమచేతికి ఒక్కదానికే ఎప్పుడన్నా నేర్పినావా?"

నేర్పలేదు. కుడిచేతి పాటంటేనే నాకు ముద్దు.

తిరువళ్ళూరులో దిగి అవతలి ప్లాట్‌ఫారానికి పోయినాను. తిరుత్తణి బండి వచ్చేదాకా, కుడిచేతిని చున్నీలో చుట్టేసి, మూసిన పెట్టె మీద ఎడమచేత్తో వాయిస్తా కూర్చున్నాను.