నెత్తళ్ళ పొట్లాలకు పోయిన కాగితాలు

నా కొడుకు పోయి నాలుగు నెలలైంది. చదువుకునే రోజుల్లో వాడు కొన్న లావు కంప్యూటర్ పుస్తకం అటక మీద ఊరికే పడి ఉంటే, ముందు నుంచి ఒక్కో కాగితం చింపి, నేను అమ్మే ఎండు నెత్తళ్ళ చేపలకు పొట్లాలు కడుతున్నాను. డబ్బిచ్చి కాగితం కొనడానికి నాకు చెయ్యి రాదు. చింపుతుంటే బాధ కలగలేదు. అప్పటికి ఏదీ కలగడం లేదు.

ఒక సాయంత్రం వాడి కూతురు కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అరే మామ్మా, యే క్యా కియా! అది నాన్న బుక్. రేపు నాకు అదే కావాలి."

"ఊరికే సెదలు తింటాయని సింపినాను. నాకేటి తెలుసే?"

జావా అనే కంప్యూటర్ భాష మొట్టమొదట ఎలా ఉండేదో, వెంటనే వచ్చిన రెండోదాంట్లో ఏం మారిందో, ఐదు తేడాలు మాస్టారి ముందు నిలబడి చెప్పాలట. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. పొద్దుటి నుంచి నెట్ లేదు. వాళ్ళ నాన్న ఆ తేడాలన్నీ పుస్తకం అంచుల్లో తెలుగులో రాసుకున్నాడు. ఈ దీవుల్లోనే పెరిగిన పిల్ల, చదువంతా హిందీ, ఇంగ్లీషు. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. నేను చదివింది మూడో తరగతే అయినా, అవి వచ్చు.

"కూకో. నాను సదువుతాను, నువ్వు రాసుకో."

కూడబలుక్కుంటూ చదివాను. క్లాసు అంటే ప్రోగ్రాంలో ఒక ముక్కట; ఒక క్లాసు లోపల ఇంకో క్లాసు రాయడం మొదటిదాంట్లో లేదు. పాత పద్ధతులు కొన్ని రెండోదాంట్లోనూ పనిచేస్తాయి, కానీ వాడొద్దని హెచ్చరిక వస్తుంది.

"పన్జేస్తంటే వాడొద్దనడమేటే? దుబారా మనుషులు."

"మామ్మా, ఆగే పఢో. తర్వాతది చదువు."

మొదటిదాంట్లో బటన్ నొక్కిన కబురు, అందుకునేవాళ్ళు దొరికేదాకా ఒకరిని దాటి ఇంకొకరికి పోతుంది. రెండోదాంట్లో కావలసినవాళ్ళు ముందే చెప్పి ఉంచుకుంటారు. సూటిగా వాళ్ళకే చేరుతుంది.

ఇది నాకు అర్థమైంది. వాడు పనిచేసే హాడో రేవులో పడిపోయి ప్రాణం విడిచిన కబురు ముందు ఆఫీసుకు, అక్కణ్ణుంచి పక్క క్వార్టర్‌కు వెళ్ళి, అందరూ విన్నాక నా దగ్గరికి వచ్చింది. పిల్ల మళ్ళీ చదవమంటే చదివాను.

మూడే దొరికాయి. మిగతా రెండూ ఎవరి వంటింట్లోకి చేరాయో.

మర్నాడు మూడే చెప్పి గట్టెక్కింది. మిగతావేవని మాస్టారు అడిగితే, "మా మామ్మ చేపలతో అమ్మేసింది సార్" అందట. క్లాసంతా నవ్వారని తనూ నవ్వుతూ చెప్పింది. తర్వాత మిగిలిన పుస్తకం తీసుకుపోయి తన బట్టల మధ్య పెట్టుకుంది. నెత్తళ్ళ పొట్లాలకు నేను కాగితం కొనుక్కొచ్చాను.